ఏమీ జరగని ఫోటోలు

"ఆ గ్లాసు అంచునుంది, పడిపోద్ది" అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. మజ్జిగ గ్లాసు బల్ల అంచున బుద్ధిగా నిలబడి ఉంది. మా ఆయన వీర్రాజు గారు పేపరులోంచి తలెత్తలేదు. మా అమ్మాయి హిమజ ఇడ్లీ నములుతూ గ్లాసు వంక చూసి, తర్వాత నా వంక చూసింది. ఆయన పేజీ తిప్పారు. పేపరు కొస గ్లాసుకి తగిలింది. నేలంతా మజ్జిగ, గాజు పెంకులు.

"మళ్లీ ముందే చెప్పింది చూడు నాన్నా" అంది హిమజ, కాళ్లు కుర్చీ మీదికి లాక్కుంటూ.

"మీ అమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి పడిపోద్దంటానే ఉంటది. ఎప్పుడో ఒకటి పడకుండా ఉంటదా" అన్నారాయన.

ఆయనన్నది అబద్ధం కాదు. నా సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. గ్యాస్ బండ, మెట్ల మీద తడి, పప్పులో బల్లి, ఎండలో నిలిపిన స్కూటరు, దేన్ని చూసినా నాకు ముందు దాని చివరే కనిపిస్తుంది. ఫోను మోగితే దానికంటే ముందు నా గుండె మోగుతుంది. ఇంట్లోవాళ్లు ఆలస్యమైతే, వాళ్లు వచ్చేలోపు నేను మనసులోనే ఆసుపత్రి దాకా వెళ్లి వచ్చేస్తాను. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. సైన్సు సంగతులు రాసేంత దాన్ని కాను. కానీ ఆ ప్రయోగం జరిగింది నా మీదే కాబట్టి, నాకు అర్థమైనంత వరకు నేనే రాయాలి.

మేముండేది కాకినాడలో, చేపల రేవుకి దగ్గర్లో. ఆయన మరబోట్ల మెకానిక్కు. హిమజ బళ్లో చదువుకునే రోజుల్లో, ఒక బోటుని ఒడ్డుకి లాగుతుంటే మోకు తాడు తెగి, కొరడాలా వెనక్కి వచ్చి ఆయన ఎడమచేతి వేళ్లు రెండు పట్టుకుపోయింది. అప్పటినుంచి నా భయాలకి ఒక సాక్ష్యం దొరికినట్టయింది. హిమజకి మాత్రం ఒక ప్రశ్న దొరికింది. తెగే ముందు మోకులో ఏం జరుగుతుంది? అది తెలిస్తే, 'పక్కకి తప్పుకోండి' అని ముందే చెప్పే యంత్రం చేయొచ్చు కదా? పెద్దయ్యాక ఇంజనీరింగ్ కాలేజీలో ఆ ప్రశ్న మీదే పరిశోధనకి చేరింది.

రోజూ స్కూటరు మీద వెళ్లేది. గేటు దగ్గర బండి ఎక్కి "వెళ్లొస్తానమ్మా" అనేది. నేను వీధి గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క మాట అనేదాన్ని. "చున్నీ." అది వెనక్కి తిరక్కుండానే, చున్నీ కొసలు రెండూ లాగి నడుం దగ్గర ముడేసుకుని వెళ్లిపోయేది. వెనక చక్రంలో చున్నీ పడి మెడకి చుట్టుకున్న వాళ్ల గురించి నేను దానికి ఎన్నిసార్లు చెప్పానో. అది విసుక్కున్న రోజులున్నాయి గానీ, ముడి వేసుకోని రోజు లేదు.

ఒకరోజు అది క్యారియరు మర్చిపోతే నేనే పట్టుకెళ్లాను. వాళ్ల ప్రయోగశాల చూడడం అదే మొదటిసారి. మధ్యలో అద్దాల గది. అందులో రెండు కొక్కేలకి బిగించిన మోకు. దాన్ని మెల్లగా లాగడానికి గది బయట ఒక ఇనప చక్రం. మోకుకి ఎదురుగా స్టాండు మీద పెద్ద కెమెరా. కెమెరా నుంచి నల్లటి తీగ ఒకటి తలుపు కిందుగా బయటికొచ్చి కంప్యూటరులో దూరింది. మోకు బిగుసుకున్నాక లోపల మనిషి ఉండకూడదట. అందుకని వెలుతురు పెంచాలన్నా, దృష్టి దగ్గరికి జరపాలన్నా, ఫోటో తీయాలన్నా అన్నీ బయట కూర్చుని మీటలు నొక్కడమే. కెమెరా చూసేదంతా ఇక్కడ తెర మీద కనిపిస్తుంది. హిమజ ఒక మీట నొక్కితే అక్కడ లోపల ఎవరూ లేని గదిలో కెమెరా టక్కుమంది. నాకు ఒళ్లు జలదరించింది. ఆ తీగలో కరెంటు ఎంతుంటుందని అడిగాను. వాళ్ల మేడం కెజియా గారు నవ్వి, నాకు కుర్చీ వేశారు.

వాళ్ల చిక్కేమిటో ఆవిడే చెప్పారు. తెగిన మోకు ఫోటోలు వాళ్ల దగ్గర గుట్టలున్నాయి. తెగబోయే మోకు ఫోటో ఒక్కటీ లేదు. తెగిందని కన్ను చూసి, వేలు మీట నొక్కేసరికి అంతా అయిపోతుంది. పోనీ ఆపకుండా తీద్దామంటే, అంత వేగంలో కెమెరా క్షణాల్లో వేడెక్కి ఆగిపోతుంది. సరిగ్గా ఆ రెప్పపాటు ముందే మొదలుపెట్టాలి. అదెప్పుడో ఎవరికి తెలుస్తుంది?

హిమజ అన్నం కలుపుకుంటోంది. చక్రం తనంతట తాను తిరుగుతోంది. నేను తెర వంక చూస్తూ "అయ్యో, తెగిపోద్దే" అన్నాను. ఫట్టుమని తెగింది. మరో మోకు కట్టారు. ఆవిడ నాతో పిల్లల గురించి ఏదో మాట్లాడుతున్నారు. మాట మధ్యలో నేను ఉలిక్కిపడి చెయ్యి గుండెల మీద వేసుకున్నాను. మోకు తెగింది. హిమజ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మేడం, మా ఇంట్లో గ్లాసులు కూడా ఇంతే" అంది.

అలా మొదలైంది. ఆ మర్నాటినుంచి నా మణికట్టుకి మెత్తటి పట్టీ ఒకటి కట్టి, చెవి కింద రూపాయి బిళ్లంత అతుకు ఒకటి పెట్టేవారు. వాటి తీగలు కూడా అదే కంప్యూటరులోకి. నేను ఉలిక్కిపడగానే కంప్యూటరు ఆ ఉలికిపాటుని పసిగట్టి కెమెరాని నొక్కేస్తుంది. నేను వేలు కదపక్కర్లేదు. మోకులో పోగులు లోపల ఒక్కొక్కటే వదిలేటప్పుడు సన్నటి చప్పుడవుతుందట. అది అందరి చెవినా పడుతుంది, ఈవిడ ఒక్కరే దాన్ని పట్టించుకుంటున్నారు అన్నారు కెజియా గారు. మా ఆయన ఆ మాట విని, చప్పుడు కాకపోయినా పట్టించుకుంటదండీ అన్నారు.

మొదటి ఫోటో దొరికిన రోజు ఆయన్ని కూడా పిలిపించారు. తెర నిండా మోకు. ఇంకా తెగలేదు. నడుం దగ్గర కొంచెం సన్నబడింది. ఒకే ఒక్క పోగు పైకి లేచి, నిద్రలేచిన పిల్ల జుట్టులా నిలబడి ఉంది. ఆయన ఎడమచెయ్యి చాపి, ఉన్న వేళ్లతో తెర మీద ఆ పోగుని తడిమారు.

"ఇది లేచినప్పుడే నాకెవరన్నా చెప్పుంటే" అన్నారు.

హిమజ ఆయన భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. ఆ రోజు నా భయం కూడా ఒక పనికొచ్చిందని నాకెంత గర్వమైందో చెప్పలేను.

అయితే నా ఉలికిపాట్లన్నీ మోకు కోసం కాదు. ఎవరైనా స్టూలెక్కితే కెమెరా టక్కుమనేది. ఫోను మోగితే టక్. హిమజ దగ్గితే టక్ టక్. మోకు నిక్షేపంలా ఉండగా తీసిన ఫోటోలే ఎక్కువైపోయాయి. వాటిని కంప్యూటరులో ఒక పక్కన పోగేసి, 'ఏమీ జరగనివి' అని పేరు పెట్టారు. కంప్యూటరు నా దగ్గర నేర్చుకుని, కొన్నాళ్లకి నేను లేకుండానే ఉలిక్కిపడాలని వాళ్ల ఆలోచన. కానీ నా భయాల్లో ఏది గింజో ఏది పొల్లో దానికి తెలియడం లేదు.

అప్పుడు కెజియా గారు ఒక ఉపాయం చెప్పారు. తీగ ఇటునుంచి అటే ఎందుకు, అటునుంచి ఇటు కూడా పని చేయొచ్చు కదా. నేను ఉలిక్కిపడ్డాక మోకు తెగని ప్రతిసారీ కంప్యూటరు ఆ అతుకు ద్వారా చిన్న అల ఒకటి పంపి, ఆ భయాన్ని చల్లారుస్తుంది. పొల్లు పోయి గింజ మిగులుతుంది. ఇలాంటిది ఇంతకుముందు ఎవరి మీదా చేసింది లేదు, ఇష్టం లేకపోతే వద్దనండి అని కూడా అన్నారావిడ. హిమజ వద్దనే అంది. ఒప్పుకున్నది నేనే. దాని చదువు గట్టెక్కుతుందని కొంత, భయం లేకుండా ఒక్కపూటైనా బతికితే ఎలా ఉంటుందో చూడాలని కొంత.

ఎలా ఉంటుందంటే, చెవి కింద చల్లటి చీమ ఒకటి పాకినట్టుంటుంది. అంతే. ఎవరో స్టూలెక్కారు, చీమ పాకింది, ఎక్కితే ఎక్కారనిపించింది.

పట్టీ విప్పి ఇంటికొచ్చాక కూడా ఆ చల్లదనం అలాగే ఉండేది. మొదట్లో ఇల్లంతా పండగే. నేను హాయిగా నిద్రపోయాను. గ్యాస్ కట్టేశానో లేదో చూడడానికి లేవలేదు. ఆయన స్నేహితులతో సముద్రం మీదికి వెళ్తానంటే వెళ్లమన్నాను. ఆయన చెప్పులేసుకుని, గుమ్మంలో కాసేపు నిలబడి, నేనింకేమీ అనకపోయేసరికి మళ్లీ లోపలికొచ్చి "ఒంట్లో బానే ఉందా తాయారూ" అని అడిగారు.

ఒకరోజు పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడ్డాను. పొంగడం, అంచు దాటడం, పొయ్యి ఆరిపోవడం, అన్నీ చూశాను. ముచ్చటగా ఉంది. గేటు దగ్గర హిమజ "వెళ్లొస్తానమ్మా" అంటే చెయ్యి ఊపాను. అది ఒక క్షణం ఆగింది. తర్వాత తనే ముడేసుకుని వెళ్లింది. అది వానలో తడిసి ఆలస్యంగా వచ్చిన రోజున నేను అన్నం తినేసి టీవీ చూస్తున్నాను. తువ్వాలు ఎక్కడుందని అడిగితే చెప్పాను. ఇవన్నీ నాకు బాగా గుర్తున్నాయి. ఎదురింటివాళ్ల కిటికీలోంచి చూసిన సంగతుల్లా గుర్తున్నాయి.

ప్రయోగశాలలో మాత్రం అందరూ సంతోషంగా ఉన్నారు. ఏమీ జరగని ఫోటోలు తగ్గిపోయాయి. జరగబోయేవి కూడా తగ్గుతున్నాయని ఎవరూ గమనించలేదు.

ఆ రోజు మోకు బిగుసుకుంటోంది. ఉన్నట్టుండి తెర నల్లబడింది. లోపల కెమెరా దగ్గర తీగ వదులైందట. మామూలుగా అయితే చక్రం వెనక్కి తిప్పి, మోకు వదులు చేసి, అప్పుడు లోపలికి వెళ్లాలి. హిమజ నా వంక చూసింది. నేను కుర్చీలో పట్టీ కట్టుకుని నిమ్మళంగా కూర్చున్నాను. అది తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. కెమెరా పక్కన వంగి తీగ గుచ్చింది. తెర వెలిగింది. తెర మీద మోకు, మోకు వెనక అద్దం, అద్దంలో మసగ్గా నేను.

చప్పుడు నాకు వినిపించింది. నిజం. పక్కింట్లో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు వినిపించింది. పోగు ఒకటి పైకి లేవడం కూడా చూశాను.

కెమెరా టక్కుమనలేదు.

మోకు తెగి దాని భుజాన్ని చీరుకుంటూ నుదుటికి తగిలింది. కెజియా గారు పరుగెత్తారు. రక్తం కంట్లోకి కారుతుంటే అరచేత్తో అదిమిపట్టి, హిమజ బయటికొచ్చి కూర్చుంది. తాడు వదులు చేయకుండా ఎందుకెళ్లావని ఆవిడ అడిగారు.

"అమ్మ అరవలేదు కదా మేడం" అంది హిమజ. "ఏం కాదనుకున్నాను."

అదన్నమాట, ఇరవై ఏళ్లుగా దాని పద్ధతి. గోడెక్కినా, రోడ్డు దాటినా, ఈత నేర్చుకున్నా, వెనకనుంచి నేను అరవలేదంటే దానికి అంతా క్షేమమే. నా భయాన్ని విసుక్కుంటూనే దాన్ని గొడుగులా వేసుకుని తిరిగింది. ఆ గొడుగు తీసేశామని మర్చిపోయింది.

ఆసుపత్రిలో దాని కనుబొమ పైన కుట్లు వేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. దెబ్బ కంటికి తగల్లేదు, అదృష్టం అన్నాడు డాక్టరు. నేనేమో ఇక్కడ టీ ఎక్కడ దొరుకుతుందని నర్సుని అడిగాను. హిమజ నా మొహం వంక చూసింది. దెబ్బ తగిలినప్పుడు ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది.

పట్టీ తీసేశారు. అల పంపడం ఆపేశారు. చల్లారిపోయింది మళ్లీ రాజుకుంటుందో లేదో తనకీ తెలియదని కెజియా గారు మా ఇంటికొచ్చి చెప్పారు. నేను ఆవిడకి ఉప్మా పెట్టాను. ఆవిడ తినలేక ప్లేటు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. అంతవరకు చేసిన పని వాడుకుని పరిశోధన పూర్తి చేసుకోవచ్చని హిమజకి చెప్పారు. అది ఒప్పుకోలేదు. కంప్యూటరుకి భయం నేర్పక్కర్లేదు మేడం, వినడం నేర్పుదాం, మొదటినుంచి చేస్తాను అంది. మోకు పక్కన మైకులు పెట్టి మళ్లీ ఓనమాలు దిద్దుకుంటోంది ఇప్పుడు.

కానీ దానికి అంతకంటే పెద్ద పని ఒకటుంది. నన్ను వెనక్కి తెచ్చుకోవడం.

బల్ల అంచున గ్లాసులు పెట్టి చూసేది. నేను తీసి లోపల పెట్టేదాన్ని కాదు. చెప్పకుండా ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడేది. నేను తలుపు తీసి పక్కకి జరిగేదాన్ని. మా ఆయన అయితే అబద్ధానికి గుండె పట్టుకుని మంచం మీద కూలబడ్డారొకసారి. నేను తలగడ సర్దాను. ఆయన లేచి కూర్చుని "నువ్వు తిట్టినా బాగుండేది" అన్నారు.

ఒక మధ్యాహ్నం హిమజ కంప్యూటరు తెచ్చి నా ముందు పెట్టి, ఏమీ జరగని ఫోటోలు ఒక్కొక్కటే చూపించింది. అన్నిట్లోనూ మోకు నిక్షేపంలా ఉంది. "మోకుని కాదమ్మా, దాని వెనక చూడు" అంది. మోకు వెనక అద్దం, అద్దం అవతల మసగ్గా హిమజే. ఒకదాంట్లో చక్రం మీదికి వంగి ఉంది. ఒకదాంట్లో స్టూలు మీద ఎవరో, ఆ స్టూలు పక్కనుంచే హిమజ నడుస్తోంది. చాలావాటిలో దాని చున్నీ కొస, తిరిగే చక్రానికి జానెడు దూరంలో.

"ఏమీ జరగలేదని మేం పక్కన పడేశాం. అన్నిట్లోనూ నేనే ఉన్నానే అమ్మా" అంది.

బాగున్నాయి అన్నాను. అది కంప్యూటరు మూసి, నా ఒళ్లో తల పెట్టుకుంది. నేను తల నిమిరాను. ప్రేమ లేకపోలేదు, ఎప్పుడూ ఉంది. దానికి కాపలా లేదంతే.

మర్నాడు హిమజ కాలేజీ నుంచి ఒక పాత కెమెరా అడిగి తెచ్చింది. దాన్ని గేటుకి ఎదురుగా వరండా స్తంభానికి కట్టి, తీగని కిటికీలోంచి లాగి, వంటింటి బల్ల మీద కంప్యూటరుకి తగిలించింది. నా మణికట్టుకి ఏమీ కట్టలేదు. ఒక మీట చూపించి, నేను బయల్దేరేటప్పుడు నువ్వే నొక్కు, రోజూ ఒక ఫోటో, అంతే అంది. మా ఆయన వరండా మీద ఆ తీగ వెంట సుద్దతో గీత గీశారు, కాలికి తగిలి నేను పడతానని. ఇంట్లో ఎవరో ఒకరు భయపడాలి కదా అన్నారు.

మొదట్లో ఫోటోల్లో ఉత్త గేటే పడేది. అది వెళ్లిపోయాక నాకు మీట గుర్తొచ్చేది. హిమజ సాయంత్రం వచ్చి, ఖాళీ గేటు చూసి, దాన్నీ దాచుకునేది. తర్వాత ఎప్పుడో వెనక చక్రం ముక్క పడింది. ఇంకొన్నాళ్లకి దాని వీపు. ఇంకొన్నాళ్లకి బండి స్టాండు తీస్తూ ఒక కాలు నేల మీద, ఒక కాలు స్టాండు మీద. హిమజ వాటిని వరసగా పెట్టి చూసుకుంటూ, నాన్నని పిలిచి, చెవిలో ఏదో చెప్పింది. ఆయన నా వంక చూసి గబుక్కున మొహం తిప్పుకున్నారు. నా వేలు ముందుకి జరుగుతోందని వాళ్లకి కనిపించింది. నాకు కనిపించలేదు.

ఇన్నాళ్లూ అది గేటు దగ్గర "వెళ్లొస్తానమ్మా" అని ఆగేది. చున్నీ వదులుగా వేలాడుతూ ఉండేది. బండి స్టార్టు చేసేది కాదు. కాసేపు చూసి, నేను చెయ్యి ఊపాక, తనే ముడి వేసుకుని, బండి నడిపించుకుంటూ వీధి మలుపు దాకా వెళ్లి అక్కడ ఎక్కేది. ఆ సంగతి తర్వాత మా ఆయన చెబితే తెలిసింది.

ఆ ఉదయం సముద్రం వైపునుంచి గాలి గట్టిగా ఉంది. పొయ్యి మీద పాలున్నాయి. నేను బల్ల దగ్గర కూర్చుని తెర చూస్తున్నాను. తెరలో గేటు, స్కూటరు, లేత పసుపు చున్నీ వేసుకున్న మా అమ్మాయి. అది ఇంకా బండి స్టాండు తీయలేదు. చున్నీ కొస ఇంకా కదల్లేదు. నా వేలు మీట నొక్కేసింది. వరండాలో టక్కుమంది.

ఆ తర్వాత గాలి వచ్చింది. కొస లేచి, వెనక చక్రం మీదుగా ఊగి, మళ్లీ పడింది.

హిమజ ఆ చప్పుడు విని స్తంభం వంక చూసింది. కాఫీ తాగుతున్న మా ఆయన గ్లాసు దించారు, బల్ల అంచున. నేను లేచి దాన్ని లోపలికి జరిపాను. ఎందుకు జరిపానో తెలియదు. వెనక్కి తిరిగి పొయ్యి ఆర్పాను. వీధి గుమ్మంలోకి వచ్చి, తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను.

"వెళ్లొస్తానమ్మా" అంది హిమజ.

చెయ్యి ఊపాలి. చెయ్యి లేవలేదు. లోపలినుంచి ఎవరో పాత చుట్టం మెట్లెక్కి వస్తున్నట్టుంది. వీధిలో చేపల బుట్టలావిడ వెళ్లిపోయింది. సైకిలు వెళ్లిపోయింది. హిమజ కదల్లేదు, తల కూడా తిప్పలేదు. దాని కనుబొమ పైన కుట్ల గీత మాత్రం ఎండకి మెరిసింది. నా వెనక మా ఆయన వచ్చి నిలబడ్డారు. చున్నీ కొస మళ్లీ లేచింది. అది మెడకి చుట్టుకోవడం, బండి పడిపోవడం, ఆసుపత్రి, కుట్లు, ఆ రోజు నేను ఏడవని ఏడుపంతా, అన్నీ ఒక్కసారిగా నా కళ్ల ముందుకొచ్చి నిలబడ్డాయి.

"చున్నీ" అన్నాను.